క్లబ్ అకాడమీ నుంచి మా అబ్బాయికి పిలుపొచ్చింది, పంపాలా?

మీరు రాసింది ముందు క్లుప్తంగా చెబుతాను, ఇదే సందిగ్ధంలో ఉన్న మిగతా తల్లిదండ్రులకీ పనికొస్తుంది. మీది పి.గన్నవరం వైపు పల్లె. అబ్బాయికి నవంబరులో 13 నిండాయి, ఎనిమిదో తరగతి, ఫుట్‌బాల్‌లో ఫార్వర్డ్ (గోల్ కొట్టే ముందువరస) ఆడతాడు. మన దేశపు పైలీగు ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఆడే ఒక క్లబ్బు పెట్టిన సెలక్షన్స్‌లో మొదటి దశ దాటాడు. పక్క రాష్ట్రంలో ఉన్న వాళ్ల రెసిడెన్షియల్ అకాడమీలో వారం రోజులు ఉంచుకుని చూస్తామని కబురొచ్చింది. ఊళ్లో కోచ్ గారు "ఇంక ఐఎస్ఎల్‌కి వెళ్లిపోయినట్టే" అంటున్నారు. హెడ్మాస్టరు గారేమో పదో తరగతి పాడైపోతుందంటున్నారు. రాజమండ్రిలో ఒకాయన ఇవేవీ వద్దు, కొన్ని లక్షలు పెట్టుకుంటే స్పెయిన్ పంపిస్తానంటున్నాడు. దానికోసం కొబ్బరితోటలో కొంత అమ్ముదామా అని కూడా మీకు అనిపించింది. అసలు ఈ అకాడమీల్లో చేరిన పిల్లలకు భవిష్యత్తు ఉంటుందా అన్నది మీ ప్రశ్న. చివర్లో మీ అమ్మాయి గురించి ఒక్క ముక్క రాశారు, దానికీ వస్తాను.

నేను కాకినాడ మైదానాల్లో ఆట నేర్చుకున్నవాణ్ణి. యూనివర్సిటీ జట్టుకు ఆడి, కోచింగ్ లైసెన్సులు చేసి, బయటి రాష్ట్రంలో ఒక ప్రొఫెషనల్ క్లబ్బు అకాడమీలో చాలాకాలం అండర్-15, అండర్-17 జట్లతో పనిచేశాను. ఇప్పుడు అమలాపురం చుట్టుపక్కల పిల్లలకు నేర్పుతున్నాను. పిల్లల్ని ఎంచుకునే చోటా కూర్చున్నాను, ఇంటికి పంపించే చోటా కూర్చున్నాను.

ముందు సూటిగా చెప్పేస్తాను. వారం రోజుల ట్రయల్‌కి తప్పకుండా పంపండి. తోట అమ్మకండి. స్పెయిన్ మాట మర్చిపోండి. ట్రయల్‌లో నెగ్గితే చేర్చాలా వద్దా అన్నది మాత్రం ఒకే ఒక్క ప్రశ్నకు ఆ అకాడమీ ఇచ్చే సమాధానాన్ని బట్టి ఉంటుంది: వీడికి 18 ఏళ్లు వచ్చాక వీణ్ణి మ్యాచ్‌ల్లో ఎవరు ఆడిస్తారు? మన తల్లిదండ్రులంతా 13 ఏళ్ల దగ్గరే ఆగిపోతారు, సీటు రావడమే గెలుపనుకుంటారు. పిల్లలు రాలిపోయేది అక్కడ కాదండీ. అండర్-17 వయసు దాటి, పెద్ద జట్టులో చోటు దొరక్క, మధ్యలో ఆడటానికి మ్యాచ్‌లే లేని ఆ రెండు మూడేళ్లలో రాలిపోతారు.

లెక్క వేసి చూడండి. ఐఎస్ఎల్‌లో 13, 14 జట్లు. ఒక్కో జట్టు నలుగురు విదేశీయుల్ని మైదానంలో దింపొచ్చు. మిగిలిన ఏడు చోట్లు మనవాళ్లకి. అంటే దేశం మొత్తం మీద పైలీగులో మొదటి పదకొండుమందిలో ఆడే భారతీయులకు ఉన్నవి వందకు అటూ ఇటూ చోట్లు. అవి ఏటా ఖాళీ అయ్యేవి కూడా కావు. ఒక ఆటగాడు కుదురుకుంటే పదేళ్లు ఆడతాడు. మణిపూర్, మిజోరం, కేరళ, బెంగాల్, గోవా, పంజాబ్ పిల్లలందరూ ఆ కొద్దిపాటి ఖాళీల కోసమే చూస్తుంటారు. కాబట్టి మీ కోచ్ గారి మాట ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది. ఆయన ప్రేమతోనే అన్నారు, తప్పు పట్టడం లేదు. కానీ ఆ మాట పిల్లాడి చెవిలో పడనివ్వకండి.

ఇంకొక సంగతి, మీవాడు ఫార్వర్డ్ కాబట్టి చెప్పాలి. ఆ నలుగురు విదేశీయుల్ని క్లబ్బులు ఎక్కడ వాడతాయో గమనించండి. సెంటర్ ఫార్వర్డ్, అతని వెనక నుంచి ఆట నడిపే మిడ్‌ఫీల్డర్, రక్షణ వరస మధ్యలో నిలబడే సెంటర్ బ్యాక్. వెన్నెముక లాంటి చోట్లన్నీ వాళ్లవే. మనవాళ్లకు దొరికేవి ఎక్కువగా గోల్‌కీపర్, రక్షణ వరసకు రెండు అంచుల్లో ఆడే ఫుల్‌బ్యాక్‌లు, ముందు అంచుల్లో ఆడే వింగర్లు, ఒక మిడ్‌ఫీల్డర్. ముందువరసలో నిలదొక్కుకున్న సునీల్ ఛెత్రి లాంటివాడు తరానికొకడు. అందుకే అకాడమీ కోచ్ మీవాణ్ణి వింగ్‌లోకో ఫుల్‌బ్యాక్‌లోకో మార్చి చూస్తే చిన్నబుచ్చుకోవద్దని ఇప్పుడే చెప్పి పంపండి. ఎడమ కాలితో ఆడగలిగితే మరీ మంచిది. ఎడమ కాలి ఫుల్‌బ్యాక్‌కి ఉన్న గిరాకీ మామూలుది కాదు.

ఇక ఆ 18 ఏళ్ల సంగతి. 2017లో మన దేశంలోనే అండర్-17 ప్రపంచకప్ జరిగింది. మన జట్టు మూడు మ్యాచ్‌లూ ఓడింది. కొలంబియా మీద జీక్సన్ సింగ్ కొట్టిన గోల్ ఒక్కటే మనకు మిగిలింది. ఆ 21 మందీ దేశమంతా జల్లెడ పట్టి ఎంచిన పిల్లలు. వాళ్లను అలా వదిలేస్తే పెద్ద క్లబ్బుల బెంచీల మీద కూర్చుని పాడైపోతారని అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకే (ఏఐఎఫ్ఎఫ్) భయం వేసింది. అందుకే 2010లో పుట్టి 2013లో ఆగిపోయిన ఇండియన్ ఆరోస్ అనే కుర్రాళ్ల జట్టును మళ్లీ తీసి, ఐ-లీగ్ అనే ఇంకో జాతీయ లీగులో పెద్దవాళ్ల మీద ఆడించారు. ఓడారు, దెబ్బలు తిన్నారు, కానీ వారం వారం ఆడారు. ఆ ప్రపంచకప్ జట్టులోంచి జీక్సన్, అన్వర్ అలీ, సురేశ్ సింగ్ లాంటివాళ్లు దేశపు సీనియర్ జట్టు దాకా వెళ్లారు. కొందరు లీగుల్లో స్థిరపడ్డారు, కొందరి పేర్లు మెల్లగా వినిపించకుండా పోయాయి. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఐఎస్ఎల్ గెలిచినప్పుడు ఎడమవైపు ఫుల్‌బ్యాక్‌గా ఆడిన ఆకాశ్ మిశ్రా ఈ ఆరోస్ నుంచి వచ్చినవాడే. అంత ఎంపిక చేసిన పిల్లలకే 18, 19 ఏళ్లలో ప్రత్యేకంగా ఒక జట్టు కట్టి ఆడించాల్సి వచ్చిందంటే మామూలు అకాడమీ పిల్లల పరిస్థితి ఆలోచించండి. ఆ ఆరోస్ కూడా 2022లో మూతపడింది.

ఇప్పుడు ఆ ఖాళీ నింపుతున్నవి ప్రధానంగా రెండు. ఒకటి, కుర్రాళ్ల కోసం 2022లో మొదలైన రిలయన్స్ ఫౌండేషన్ డెవలప్‌మెంట్ లీగ్. రెండోది, క్లబ్బు ఉన్న ఊరి లీగు. దీన్ని మనవాళ్లు అస్సలు పట్టించుకోరు కానీ నా దృష్టిలో ఇదే పెద్దది. బెంగళూరులో సూపర్ డివిజన్, కేరళలో ప్రీమియర్ లీగ్, గోవాలో ప్రో లీగ్, కోల్‌కతా లీగ్ ఉన్నాయి. అక్కడి ఐఎస్ఎల్ క్లబ్బులు తమ కుర్రాళ్లను ఈ లీగుల్లో ముప్పై ఏళ్ల గట్టి ఆటగాళ్ల మీదకి వదులుతాయి. ఆఫీసు జట్లలో ఆడే అనుభవజ్ఞుడైన డిఫెండర్ భుజం తగిలిస్తే ఏమవుతుందో ఏ శిక్షణలోనూ నేర్పలేం. కాబట్టి అకాడమీ హాస్టల్ ఎంత బాగుందో చూడటం కంటే అది ఏ ఊళ్లో ఉంది, ఆ ఊళ్లో పెద్దవాళ్ల లీగు ఎంత గట్టిది, అందులో ఈ క్లబ్బు కుర్రాళ్ల జట్టు ఆడుతోందా అన్నది చూడండి.

వాళ్లని ఇలా అడగండి: "గత మూడు నాలుగేళ్లలో మీ అండర్-17 నుంచి బయటికొచ్చిన పిల్లలు ఇప్పుడు ఎక్కడెక్కడ ఉన్నారండీ?" మంచి అకాడమీ అయితే పేర్లతో చెబుతుంది. ఫలానావాడు మా రిజర్వ్ జట్టులో, ఫలానావాడు రెండో స్థాయి లీగులో, ఇద్దరు సర్వీసెస్ (సైన్యం) జట్టులో, ఒకడు డిగ్రీ చదువుతూ యూనివర్సిటీకి ఆడుతున్నాడు అని. నీళ్లు నమిలి గోడ మీద ఫొటోలు చూపిస్తే మీకు సమాధానం దొరికినట్టే. చెప్పిన పేర్లలో ఇద్దరు ముగ్గురి తల్లిదండ్రుల నంబర్లు కూడా అడగండి. ఇవ్వడానికి ఇబ్బంది పడకూడదు వాళ్లు.

ఇంగ్లండ్ ఉదాహరణలు మీకు చాలామంది చెబుతారు. జేమీ వార్డీని 16వ ఏట షెఫీల్డ్ వెడ్నెస్‌డే అనే క్లబ్బు వదిలేసింది, అయినా 2016లో లెస్టర్ క్లబ్బుతో అక్కడి పైలీగు ప్రీమియర్ లీగ్ గెలిచాడు. హ్యారీ కేన్‌ని చిన్నప్పుడే ఆర్సెనల్ క్లబ్బు వద్దంది. నిజమే. కానీ ఈ కథతో ధైర్యం చెప్పేవాళ్లు ఒకటి వదిలేస్తారు. వదిలేశాక వార్డీకి ఆడుకోవడానికి చిన్న ఊరి క్లబ్బు ఉంది, దానికొక లీగు ఉంది, దానిపైన ఇంకో లీగు ఉంది. ఫ్యాక్టరీలో పనిచేసుకుంటూ మెట్టు మెట్టు ఎక్కి వచ్చాడు. మన అమలాపురంలోనో భీమవరంలోనో 17 ఏళ్లకు వెనక్కొచ్చిన కుర్రాడికి ఆ మెట్లేవీ? సంక్రాంతికి, వేసవిలో టోర్నమెంట్లు, జిల్లా సెలక్షన్లు. అంతే కదా. అక్కడ క్లబ్బు వదిలేసినా ఆట మిగులుతుంది, ఇక్కడ క్లబ్బు వదిలేస్తే ఆట కూడా పోతుంది. నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే.

వదిలేయడం ఎలా జరుగుతుందో కూడా మీకు తెలియాలి. సక్రమంగా నడిచే చోట సీజన్ అవగానే పిల్లాణ్ణీ, తల్లిదండ్రుల్నీ కూర్చోబెట్టి, ఎందుకు ఉంచుకోలేకపోతున్నారో చెప్పి, ఆడిన మ్యాచ్‌ల వీడియో, ఒక ఉత్తరం చేతికిస్తారు. ఇంగ్లండ్‌లో క్రిస్టల్ ప్యాలెస్ క్లబ్బు 2022లో ఇంకో అడుగు వేసి, వదిలేసిన కుర్రాళ్లను మూడేళ్ల పాటు కనిపెట్టుకుని ఉండే పథకం పెట్టింది. మన దగ్గర చాలాచోట్ల జరిగేది వేరు. మే నెలలో సెలవులకు ఇంటికొస్తాడు. ట్రంకు పెట్టె అకాడమీలోనే ఉంటుంది. జూన్ దాటాక వాట్సాప్‌లో నాలుగు ముక్కలు వస్తాయి, ఈ ఏడాది జాబితాలో పేరు లేదని. అప్పటికి ఇంటర్ అడ్మిషన్లు అయిపోయి ఉంటాయి. మా వైపు కుర్రాడొకడు ఇలాగే వచ్చాడు. పెట్టె తెచ్చుకోవడానికి వాళ్ల నాన్న ఒక్కడే రైలెక్కి వెళ్లాడు, వీడు రానన్నాడు. సాయంత్రం గ్రౌండ్ వైపు చూడకుండా సైకిల్ మీద పోయేవాడు. వాడి ఆట బాగాలేక కాదు, వాడి స్థానంలో ఇంకో కుర్రాడు ముందున్నాడు, అంతే. అది వాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఒక్క ఏడాది మిగిలేది వాడికి. ఇప్పుడు కోచింగ్ లైసెన్సు చేసి పిల్లలకు నేర్పుతున్నాడు, బాగా నేర్పుతున్నాడు.

అందుకని అడగాల్సిన రెండో మాట: ఉంచుకునేదీ లేనిదీ ఏ నెలలో చెబుతారు? మార్చి, ఏప్రిల్‌లోగా చెప్పాలని రాసి ఇవ్వమనండి. ఒప్పుకోకపోయినా మీరు అడిగారన్నది గుర్తుంటుంది వాళ్లకి.

క్లబ్బు నిలుస్తుందా అన్నది కూడా మన చేతిలో లేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ సంగతే చూడండి. 2019లో పుట్టింది, 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి విజేత అయింది. రెండేళ్లు తిరక్కుండా డబ్బు కష్టాల్లో పడి ఆటగాళ్లు చెదిరిపోయారు. 2025లో క్లబ్బే చేతులు మారి ఢిల్లీకి తరలిపోయింది. తెలుగు నేల మీద ఐఎస్ఎల్ క్లబ్బు లేకుండా పోయింది. అదే ఏడాది జులైలో లీగు నిర్వహణ ఒప్పందం తేలక ఐఎస్ఎల్ మొత్తం ఆగింది. కొన్ని క్లబ్బులు జీతాలు ఆపాయి, కొన్ని పనులే నిలిపేశాయి. సీజన్ 2026 ఫిబ్రవరికి గాని మొదలవలేదు. పెద్ద జట్టుకే జీతాలు ఆగితే ఖర్చు తగ్గించే మొదటి చోటు ఏదో చెప్పక్కర్లేదు. ఇది చెప్పి భయపెట్టాలని కాదు. పిల్లాడి టీసీ, మార్కుల జాబితాలు, మెడికల్ రిపోర్టులు, ఆట రిజిస్ట్రేషన్ నంబరు, వీటన్నిటి నకళ్లు మీ బీరువాలో ఉండాలని చెబుతున్నాను. ఏఐఎఫ్ఎఫ్ వాళ్ల నమోదు వ్యవస్థలో ప్రతి ఆటగాడికీ ఒక సీఆర్ఎస్ ఐడీ ఉంటుంది. అది మీకు తెలిసి ఉండాలి.

చదువు గురించి హెడ్మాస్టరు గారు చెప్పింది సగం నిజం. రోజుకు రెండు పూటలా శిక్షణ, నెలకోసారి ప్రయాణం ఉండే పిల్లాడు మామూలు బడిలో నెగ్గుకు రావడం కష్టమే. అకాడమీకి అనుబంధంగా బడి ఉందా, ఏ సిలబస్, ప్రయాణాల్లో పోయిన పాఠాలు ఎవరు చెబుతారు, ఈ మూడూ తెలుసుకోండి. ఏమీ కుదరకపోతే జాతీయ ఓపెన్ స్కూల్, మన రాష్ట్ర ఓపెన్ స్కూల్ రెండూ పది, ఇంటర్ పరీక్షలు పెడతాయి. కానీ "ఓపెన్‌లో కట్టేస్తాంలెండి" అని తేలిగ్గా అనేసే అకాడమీని నేను నమ్మను. కట్టడం వేరు, చదివించడం వేరు. రెంటికీ చెడ్డ రేవడి అయ్యేది ఇక్కడే. నేను పనిచేసిన చోట సాయంత్రం రెండో శిక్షణ తర్వాత స్టడీ అవర్ ఉండేది, సగం మంది పుస్తకం మీదే నిద్రపోయేవారు. పొద్దున శిక్షణ తర్వాతకి మార్చాక బాగుపడింది. వారం రోజులు ఉంటాడు కదా, పిల్లలు ఏ వేళప్పుడు చదువుతున్నారో వాణ్ణి గమనించి రమ్మనండి.

ఐఎస్ఎల్ రాకపోతే ఇంకేమీ లేదనుకోకండి. మన తెలుగువాళ్ల ఫుట్‌బాల్ వైభవమంతా ఉద్యోగాల మీద నిలిచిందే. 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ అనే పెద్ద టోర్నమెంటు గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు. దాని కోచ్ రహీం సాబే 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో దేశానికి స్వర్ణాలు తెచ్చారు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దాకా తీసుకెళ్లారు. ఆ ఆటగాళ్లలో చాలామందికి పోలీసు ఉద్యోగమే జీవనాధారం. ఇప్పటికీ సర్వీసెస్, రైల్వే, పోలీసు జట్లు, స్పోర్ట్స్ కోటా సీట్లు, యూనివర్సిటీ జట్లు ఉన్నాయి. మంచి అకాడమీలో నాలుగేళ్లు సక్రమంగా ఆడి, ఇంటర్ పాసై, జాతీయస్థాయి సర్టిఫికెట్లతో బయటికొచ్చిన కుర్రాడు వీటన్నిటికీ పనికొస్తాడు. ఇంటర్ లేకపోతే వీటిలో దాదాపు దేనికీ పనికిరాడు.

బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్‌సాయిరాజ్‌ని చూసి మన కోనసీమ తల్లిదండ్రులకి ధైర్యం వచ్చింది, చాలా సంతోషం. అమలాపురం నుంచి వెళ్లి ప్రపంచస్థాయికి ఎదిగాడు. అయితే బ్యాడ్మింటన్‌లో గెలిస్తే ర్యాంకు దానంతటదే పెరుగుతుంది, ఎవరూ ఆపలేరు. ఫుట్‌బాల్‌లో మీవాడు ఎంత బాగా ఆడినా ఆ ఆదివారం జట్టులో పెట్టేది లేనిదీ ఒక కోచ్ అభిప్రాయం. కోచ్ మారితే అభిప్రాయం మారుతుంది. ఆ అనిశ్చితిని తట్టుకునే గుండె పిల్లాడికీ, ఇంట్లోవాళ్లకీ ఉండాలి.

స్పెయిన్ సంగతి ఒక్క పేరాలో ముగిస్తాను. 18 ఏళ్లు నిండని ఆటగాణ్ణి వేరే దేశపు క్లబ్బులో నమోదు చేయడాన్ని ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా నిబంధనల్లో 19వ అధికరణం నిషేధించింది. తల్లిదండ్రులు ఫుట్‌బాల్‌తో సంబంధం లేని కారణంతో ఆ దేశానికి కాపురం మార్చడం వంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. సాక్షాత్తూ బార్సిలోనా క్లబ్బే ఈ నిబంధన తప్పితే 2014లో శిక్ష పడి, 2015లో రెండు బదిలీ కాలాల పాటు కొత్తవాళ్లను నమోదు చేసుకోలేకపోయింది. కాబట్టి మీ డబ్బుతో మీవాడు అక్కడ శిక్షణ పొందొచ్చు, ఫొటోలు దిగొచ్చు, అధికారికంగా ఒక్క లీగు మ్యాచ్ కూడా ఆడలేడు. ఆ రాజమండ్రి ఆయన్ని "ఏ క్లబ్బులో, ఏ లీగులో రిజిస్టర్ చేయిస్తారు? కాగితం మీద రాసివ్వండి" అనండి, చాలు.

మీకు పిలుపొచ్చింది ఏ రకం అకాడమీ నుంచో కూడా తేల్చుకోండి. క్లబ్బు పేరు, క్లబ్బు చొక్కా పెట్టి నెల నెలా ఫీజు తీసుకునే శిక్షణ కేంద్రాలు వేరు, క్లబ్బు తన ఖర్చుతో పోషించే వయసు జట్లు వేరు. మొదటి రకం చెడ్డవని కాదు, పట్నాల్లో పిల్లలు సాయంత్రాలు ఆడుకోవడానికి మంచివే. కానీ వాటి నుంచి పెద్ద జట్టుకు దారి ఉందనుకుని వందల కిలోమీటర్లు పంపడం వృథా. ఏఐఎఫ్ఎఫ్ అకాడమీలకు నక్షత్రాల గుర్తింపు ఇస్తుంది. ఆ జాబితాలో పేరుందో లేదో, ఏ వయసు లీగుల్లో ఆడుతోందో చూడండి. హాస్టల్, తిండి, బడి, బూట్లు అన్నీ వాళ్లే భరిస్తున్నారంటే మీవాడి మీద వాళ్లకి నమ్మకం ఉన్నట్టు. లక్షల్లో ఫీజు అడిగారంటే వాళ్లకు మీరే ఆదాయం. ఈసారి కుదరకపోతే నవీ ముంబైలో రిలయన్స్ యంగ్ చాంప్స్, జంషెడ్‌పూర్‌లో 1987 నుంచి ఉన్న టాటా అకాడమీ, మన రాష్ట్రంలోనే అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ వాళ్ల అకాడమీ, ఇవి కూడా దృష్టిలో పెట్టుకోండి.

ఇక ట్రయల్ వారం. మన డెల్టా పిల్లల్లో నేను చూసే లోపం ఒకటుంది, దానికి కారణం మన నేలే. సార్వా కోతలయ్యీ కాగానే దాళ్వాకి నీళ్లు పెట్టేస్తారు, ఆడుకోవడానికి చేలు ఖాళీగా ఉండేది ఏడాదిలో కొన్నాళ్లే. మిగతా కాలమంతా బడి గ్రౌండు, లంకల్లో ఇసక, గతుకుల నేల. బంతి ఎటు ఎగురుతుందో తెలియదు కాబట్టి పిల్లాడు కళ్లు బంతి మీద నుంచి తీయడు. ఇరుకులో డ్రిబ్లింగ్ బ్రహ్మాండంగా వస్తుంది. కానీ అకాడమీల్లో ఉండే టర్ఫ్ (కృత్రిమ గడ్డి) మీద బంతి వేగంగా, తిన్నగా వస్తుంది. అక్కడ కోచ్‌లు చూసేది మెడ. బంతి తన దగ్గరికి వచ్చేలోపు పిల్లాడు ఎన్నిసార్లు తల తిప్పి వెనకా పక్కలా చూసుకున్నాడు అని. మీవాడి ట్రయల్‌కి ఇంకా మూడు వారాలుంది కదా. రైసుమిల్లు గోడో, పంచాయతీ గోడో చూసుకుని బంతి కొట్టించండి. మీరు వాడి వెనక నిలబడి వేళ్లు చూపించండి. గోడకి తగిలి బంతి తిరిగొచ్చేలోపు వెనక్కి చూసి ఎన్ని వేళ్లో చెప్పి, అప్పుడు బంతి ఆపాలి, అదీ దూరంగా ఉన్న కాలితో. మొదటి రోజు చిరాకు పడతాడు. వారానికి అలవాటవుతుంది. కొత్త బూట్లు కొంటే ఇప్పుడే కొని తొడిగించండి, ట్రయల్ రోజున బొబ్బలతో ఆడకూడదు.

నవంబరులో పుట్టాడన్నారు. వయసు జట్లు జనవరి 1తో మొదలవుతాయి కాబట్టి వాడి పక్కన ఆడేవాళ్లలో పది నెలలు పెద్దవాళ్లుంటారు. 13వ ఏట పది నెలలంటే చాలా తేడా, భుజాలే వేరుగా ఉంటాయి. అయినా మొదటి దశ దాటాడంటే నాకు సంతోషంగా ఉంది. పొట్టిగా ఉన్నాడని ఎవరైనా అంటే పట్టించుకోకండి. ఈ వయసులో మోకాలి చిప్ప కింద నొప్పి, మడమ నొప్పి వస్తుంటాయి, ఎముక పెరిగే చోట వచ్చేవి. అవి దాచిపెట్టి ఆడవద్దని చెప్పండి. వెళ్లే ముందు ఈసీజీ, వీలైతే గుండె స్కాన్ చేయించండి. ఇందాక చెప్పిన అన్వర్ అలీకి 2019లో గుండె సమస్య బయటపడింది, ఆట ఆగిపోయే పరిస్థితి వచ్చింది. ముందే తెలిసింది కాబట్టే వైద్యుల పర్యవేక్షణలో మళ్లీ ఆడగలిగాడు.

పుట్టిన తేదీ విషయంలో జాగ్రత్త. మన వైపు బడిలో వేసేటప్పుడు తేదీని జూన్‌కి సర్దేయడం పాత అలవాటు. బర్త్ సర్టిఫికెట్‌లో ఒకటి, ఆధార్‌లో ఒకటి, బడి రికార్డులో ఒకటి ఉంటే రిజిస్ట్రేషన్ దగ్గర ఇరుక్కుపోతాడు. ఈ వారంలోనే మూడూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. వయసు తగ్గించే ఆలోచన ఎవరైనా చెబితే వినకండి. మణికట్టు ఎక్స్‌రేతో ఎముక వయసు తేల్చే టీడబ్ల్యూ3 పరీక్ష ఉంది, అండర్-17 ప్రపంచకప్‌లో ఫిఫా 2009 నుంచి ఎమ్మారై వాడుతోంది. దొరికితే పిల్లాడి పేరే పోతుంది.

హాస్టల్ వార్డెన్ ఎవరు, రాత్రిపూట పిల్లలతో ఎవరుంటారు, పిల్లల రక్షణకు బాధ్యుడు ఎవరు అన్నవి మొహమాటం లేకుండా అడగండి. పిల్లాడికి ఎప్పుడు కావాలంటే అప్పుడు అమ్మకి ఫోన్ చేసే వీలుండాలి. మొదటి రెండు మూడు నెలలు ఏడుస్తాడు, అది సహజం. ఏడుపు ఆగిపోయి మాటలు కూడా తగ్గిపోతే మాత్రం రైలెక్కి వెళ్లి చూడండి.

మీ అమ్మాయికి పదకొండేళ్లు, అన్నతో పాటే ఆడుతుంది, అన్న కంటే పట్టుదల ఎక్కువ అని రాశారు. ఆ ముక్క చదివి చాలాసేపు ఆగాను. నిజామాబాద్ జిల్లాలో ఒక తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియాలో దినామో జాగ్రెబ్‌కి ఆడటానికి వెళ్లింది. 2025 జులైలో మన మహిళల జట్టు థాయ్‌లాండ్‌ని వాళ్ల దేశంలోనే ఓడించి ఆసియా కప్‌కి అర్హత సాధించింది. అమ్మాయిలకి అకాడమీలు తక్కువ, డబ్బు ఇంకా తక్కువ. కానీ బాగా ఆడే పిల్లలు కూడా తక్కువే కాబట్టి ప్రతిభ ఉన్న అమ్మాయి త్వరగా కళ్లబడుతుంది. అబ్బాయి ట్రయల్‌కి పెట్టే శ్రద్ధలో సగం ఆమె మీద పెట్టండి. స్కూల్ గేమ్స్ సెలక్షన్లకు పంపండి, అండర్-14 జిల్లా జట్టులో పేరు ఇప్పించండి. గోడ దగ్గర వేళ్ల ఆట ఇద్దరికీ కలిపే ఆడించండి.

ట్రయల్‌లో నెగ్గితే సంతకం పెట్టమని ఒక కాగితం ఇస్తారు. ఆ రోజే పెట్టేయకండి, ఇంటికి తెచ్చుకుని చదువుతామనండి. 18 నిండనివాళ్లతో మూడేళ్లకు మించిన ఒప్పందం చెల్లదని ఫిఫా నిబంధన ఉంది, ముందు అది చూసుకోండి. తర్వాత గాయమైతే ఆపరేషన్ ఖర్చు ఎవరిది, మధ్యలో మానేస్తే మీరు తిరిగి కట్టాల్సిందేమైనా ఉందా, వేరే క్లబ్బుకి వెళ్లాలంటే అభ్యంతరం లేదని ఎన్నాళ్లలో రాసిస్తారు అన్నవి వెతకండి. అర్థం కాకపోతే పేర్లు కొట్టేసి ఆ పేజీల ఫొటోలు నాకు పంపండి, ఏ వాక్యం మార్పించుకోవాలో చెబుతాను.